పుట్టింట్లో కూర్చున్న మా పెద్దమ్మ

పోయిన శుక్రవారం పొద్దున భువనగిరి అవతల ఒక ఇంట్లో ప్రార్థన కూటం. విశ్రాంతి దినం మీద వాక్యం చెబుతున్నాను. చెబుతున్నాను అనడం తక్కువ, పైన రేకులు అదిరేలా అరుస్తున్నాను. "లోకాన్ని చేసినవాడే ఏడో రోజు పని ఆపాడు, నీవెంత, నీ షిఫ్టెంత" అనే చోటికి వచ్చేసరికి జేబులో ఫోను మూడోసారి మోగింది. మా పెదనాయిన.

"పెద్దమ్మ పోయిందిరా," అన్నాడు.

ఎలాగని అడిగేలోపే ఆయనే చెప్పాడు.

"గడప మీద కూసోని చాయ తాగింది. గిలాస పక్కకు వెట్టింది. నేను లోపలికి పోయి వచ్చేసరికి కూసున్నది కూసున్నట్టే ఉన్నది. పిలిస్తె పలుకలే."

నేను నవ్వాను. కూటంలో ఇరవై మంది నా మొహం చూస్తున్నారు, కన్నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. ఆ ఇంటి పెద్దాయన లేచి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు, నాకేదో పట్టిందనుకుని. చదివే అన్నలారా, అక్కలారా, ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ నవ్వుకు సంజాయిషీ చెప్పుకోవడానికే. ఆమె కూర్చుని పోయింది. అలా పోయే హక్కును ఆమె ఎలా సంపాదించుకుందో తెలిస్తే మీరూ నవ్వుతారు.

ఆమె మా అమ్మకు అక్క. నేను బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఊళ్ళో చుట్టాలంతా నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె ఒక్కతే వచ్చి, "మునిగితే మునిగినవ్ గని, తల మంచిగ తుడుసుకున్నవా? సర్ది జేస్తది," అన్నది. తను మాత్రం గుట్ట నరసింహస్వామికి మొక్కేది. నా పేరు మీద కూడా అక్కడే కొబ్బరికాయ కొట్టేది. ఇదేమిటి పెద్దమ్మా అంటే, "మీ దేవునికి చెప్పెటందుకు నువ్వున్నవ్ గద. మా దేవునికి నేను జెప్తున్న. ఇద్దరి చెవుల పడితె నీకేమన్న నష్టమా?" అనేది. నేను ఏ బైబిలు బడికీ పోయినవాణ్ణి కాదు. ఏడో తరగతితో చదువు ఆగింది, మిగతాది గ్రంథమే నేర్పింది. అయినా ఆమె నన్ను 'పాస్టర్ సాబ్' అని పిలిచేది. గౌరవంతో మాత్రం కాదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు మా దగ్గర రోడ్డు వెడల్పయింది. రోడ్డు పక్కన మిక్చరు, బూందీ, చెకోడీలు ప్యాకెట్లు కట్టే కంపెనీ షెడ్డు లేచింది. నాకక్కడ లారీలకు అట్టపెట్టెలు ఎత్తే పని. పెద్దమ్మకు లోపల లైను మీద పని. బెల్టు మీద ప్యాకెట్లు నడిచి వస్తుంటే ఏరి పెట్టెల్లో సర్దాలి. ఆమెతో కలిపి నలభై మంది ఆడవాళ్ళు. ఒక్కో ప్యాకెట్టులో సగం సరుకు, సగం గాలి. "గాలి సదురుడుకు గింత కాళ్ళ నొప్పులేందే," అని సాయంత్రం బస్సెక్కేది. అప్పటికి చెప్పులు చేతిలో ఉండేవి, వాచిన పాదాలు వాటిలో పట్టేవి కావు.

ఎందుకంటే ఆ లైను మీద కూర్చోవడానికి ఏమీ ఉండేది కాదు. మరిచిపోయి పెట్టకపోవడం కాదు, ఆలోచించే పెట్టలేదు. కూర్చున్న మనిషికి చెయ్యి మందగిస్తుందని మా మేనేజరు సారు సిద్ధాంతం. కాగితం మీద ఎనిమిది గంటలు. ఆ తర్వాత "ఇంకొక్క లారీ అమ్మా, ఒక్క లారీ" అంటూ పది, పదకొండు, పన్నెండు. గ్రంథంలో బానిసల చేత ఇటుకలు చేయించిన ఫరో రాజు కూడా ఇటుకల లెక్క ముందే చెప్పాడు, గడ్డి ఇవ్వకపోతే ఇవ్వకపోయాడు గానీ. మా సారుకు ఆ ఒక్క లారీ ఎప్పుడూ ఒక్కటి కాదు.

లైను మీద ఒక సూపర్వైజరు ఉండేవాడు, మెడలో ఈల. అందరం లైన్ సారు అనేవాళ్ళం. ఎవరైనా గోడకు ఆనుకుంటే ఒక ఈల, నడుం మీద చెయ్యి పెడితే రెండు. మరుగుదొడ్డికి పోవాలంటే గుర్తుగా ఒకటి పట్టుకుని పోవాలి, అది వచ్చేదాకా ఇంకొకరు పోకూడదు. మొదట చెక్క బిళ్ళ ఇచ్చారు, రెండు రోజుల్లో పోయింది. జేబులో పట్టని వస్తువు కావాలని మేనేజరు సారు ఆలోచించి, బూందీ దూసే పెద్ద జల్లిగరిటె తెప్పించాడు. మూరెడు కాడ. యాభై ఏళ్ళు దాటిన ఆడమనిషి ఆ గరిటె భుజాన వేసుకుని షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. అందరూ సిగ్గుతో తల వంచుకుని నడిచేవాళ్ళు. పెద్దమ్మ మాత్రం గద పట్టిన భీముడిలా నడిచేది. ఒకసారి హైదరాబాదు నుంచి శుభ్రత చూసే అధికారులు వచ్చిన రోజు, వాళ్ళ ముందే ఆగి మేనేజరును అడిగింది.

"సారూ, గీ గంటె మల్ల కడాయిల పెడ్తరా, లేకుంటె గిదే డ్యూటీనా?"

మరుసటి రోజు నుంచి గరిటె బదులు ప్లాస్టిక్ కార్డు వచ్చింది. అది మొదటి జయం. ఆమె దాన్ని జయం అనుకోలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగిందట. "బూందీ తినెటోళ్ళు మనుషులు గాదా?" అన్నది.

ఇక నా పాపం చెప్పుకోవాలి. నేను ఆదివారాలు మా రేకుల మందిరంలో కంపెనీల మీద నిప్పులు కురిపించేవాణ్ణి. సోమవారం మేనేజరు సారు ఎదురైతే పెట్టె దించి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవాణ్ణి. ఆయన ఒకరోజు నన్ను ఏసీ గదిలోకి పిలిచి చాయ తాగించాడు. "నీకు మంచి గొంతుంది. పని గొప్పతనం గురించి మనవాళ్ళకు పొద్దున ఒక పది నిమిషాలు చెప్పాలి, మీ గ్రంథంలో ఉంటుంది కదా," అన్నాడు. ఉంటుంది కదా! నన్ను ఏసీ గదిలో ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదు. పొంగిపోయాను. చీమను ఎత్తుకున్నాను. సోమరీ, పో, చీమను చూడు, దాని కష్టం చూడు, ఎండాకాలమే కూడబెట్టుకునే దాని తెలివి చూడు అని నలభై ఐదు నిమిషాలు చెప్పాను. పది నిమిషాలే అడిగినా ఆత్మ ఆపలేదు. నలభై మంది ఆడవాళ్ళు నిలబడే విన్నారు, కూర్చోవడానికి ఏమీ లేదు కదా. మేనేజరు సారు చప్పట్లు కొట్టాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర పెద్దమ్మ రొట్టె ముక్క పచ్చిపులుసులో ముంచుతూ నన్ను పిలిచింది.

"మంచిగ జెప్పినవ్ పాస్టర్ సాబ్. ఒక్కటి అడుగుత. చీమల మీద లైన్ సారెవరు?"

"చీమల మీదనా?"

"మరి గన్ని చీమలు వరుసవెట్టి పోతయి గద. ఈల ఎవరు ఊదుతరు?"

ఆడవాళ్ళంతా నవ్వారు. నేను సాయంత్రం ఇంటికి పోయి గ్రంథం తెరిచాను. నేను ఆపిన చోట తర్వాతి మాటే అది. చీమ మీద అధికారి లేడు, పై నుంచి చూసేవాడు లేడు, అయినా తన పని తను చేసుకుంటుందని ఉంది. పాతికేళ్ళుగా చీమను చెబుతున్నాను, ఆ ముక్కను ఎప్పుడూ దాటేసి పోయాను. అక్షరం రాని మనిషి, చెప్పని ముక్క ఎక్కడుందో కనిపెట్టింది. మరునాడు బస్సులో ఆమె నా మొహం చూసి, "దొరికిందా?" అన్నది. దొరకలేదన్నాను. అబద్ధం. నెలల తరబడి ఆ అబద్ధాన్ని మోశాను. దానికంటే పెట్టెలు తేలిక.

పండుగల ముందు పెద్ద ఆర్డరు వచ్చింది. మేనేజరు సారు అందరినీ నిలబెట్టి ఉపన్యాసం చెప్పాడు. నెల రోజులు ఆదివారాలు కూడా రావాలి, ఎవరూ బాధపడకూడదు అంటూ గొంతు కాస్త వణికించి, "ఇది కంపెనీ కాదమ్మా. ఇది మీ పుట్టిల్లు. పుట్టింటికి కష్టం వస్తే ఆడబిడ్డ ఊరుకుంటుందా?" అన్నాడు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

పెద్దమ్మ చెయ్యెత్తింది. "సారూ, తల్లిగారిల్లు అంటున్నవ్. నిజంగనేనా?"

"నిజంగానే అమ్మా."

"మాట మీదుంటవా?"

"ఉంటానమ్మా."

మరునాడు పొద్దున లైను మొదలైంది. పెద్దమ్మ ఒక ఖాళీ ప్లాస్టిక్ క్రేటు తెచ్చి, బోర్లించి, దాని మీద కూర్చుంది. కూర్చునే ప్యాకెట్లు సర్దుతోంది. లైన్ సారు ఒక ఈల ఊదాడు, రెండు ఊదాడు. ఆ తర్వాత ఎన్ని ఊదాలో ఆయనకు నియమాల్లో లేదు.

"లే ముసలమ్మా, లే. సారు జూస్తడు."

"ఎందుకు లేస్త బిడ్డా? తల్లిగారింటికొచ్చిన. వచ్చిన ఆడివిల్లను నిలవెట్టి మాట్లాడ్తరా ఎవలన్న? మీ ఇంట్ల మీ అక్కస్తె గిట్లనే ఈల ఊదుతవా?"

మేనేజరు సారు వచ్చాడు. ఆమె ఆయన్నీ వదల్లేదు. "ఐదేండ్లాయె సారూ నేనిక్కడికి రావట్టి. ఒడిబియ్యం వోసిండ్రా ఒక్కసారన్న? చీర పెట్టిండ్రా? పొయ్యకుంటె పాయె. కూసోనన్న కూసోనియ్యిండ్రి."

ఐదేళ్ళకోసారి తల్లిగారింట్లో ఆడబిడ్డకు చీర పెట్టి ఒడిలో బియ్యం పోయడం అంటే మా దగ్గర ఆటలు కాదు. అన్నదమ్ములు మాట తప్పితే ఊరంతా అడుగుతుంది. మేనేజరు సారు ఇంట్లోనూ ఆ ఆనవాయితీ ఉంది, ఆయన మొహమే చెప్పింది. "అమ్మా, అది మాట వరసకు అన్నాను," అన్నాడు.

"గట్లనా? మరి మేం గూడ పని మాట వరసకే చేస్తం తియ్యి."

మధ్యాహ్నానికి ఆమె తప్పు ఒప్పుకున్నట్టు కాగితం తయారైంది. మేనేజరు సారు పిలిచింది నన్నే. "మీ పెద్దమ్మకు చదివి వినిపించి వేలిముద్ర వేయించు. పెద్దల మాటకు లోబడాలని మీ గ్రంథంలో ఉంటుంది కదా, అది కూడా చెప్పు. లేకపోతే రేపటి నుంచి ఆమె గేటు దాటి లోపలికి రాదు," అన్నాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు. పెదనాయిన అప్పటికే పనికి పోలేని మనిషి. ఆమె తెచ్చే బియ్యంతోనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

అన్నాలు తినే చోట అందరి ముందూ నిలబడ్డాను. మేనేజరు సారు నా పక్కనే నిలబడ్డాడు. పెద్దమ్మ తల ఎత్తి నావైపు చూసింది.

"మొత్తం సదువు కొడుకా. చీమను సదివినట్టు సగం సదువకు."

తెలుసు ఆమెకు. ఇన్ని నెలలుగా తెలుసు!

చదివాను. "అనుమతి లేకుండా కూర్చొనుట, కూర్చొనియుండగా అడిగినను లేవకుండుట, కూర్చొనుటకు ఇతరులను ప్రేరేపించుట" అని మూడు నేరాలు. మూడింటిలోనూ కూర్చోవడమే. చదవడం అయిపోయింది. నోరు మూసుకుని కాగితం ఆమె ముందు పెట్టవలసినవాణ్ణి. కానీ ఆ నోరు నా మాట వినలేదు. "పెద్దమ్మా, దొరికింది!" అని అరిచాను. "చీమ మీద లైన్ సారు లేడు! మేనేజరూ లేడు! గ్రంథంలో ఉంది, నేనే దాచిపెట్టాను! ఇంకొకటి కూడా ఉంది. ప్రభువు ఒకింటికి వస్తే అక్క అటూ ఇటూ పరుగెత్తి పని చేసింది, చెల్లెలు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. కూర్చున్నదే మంచిది ఎంచుకుందన్నాడు!" ఇంకా ఏమేమి అరిచానో గుర్తు లేదు. గాడిదతో కూడా దేవుడు మాట్లాడించాడని గ్రంథంలో ఉంది. ఆ రోజు నా వంతు వచ్చింది, అంతే.

మేనేజరు సారు నన్ను మళ్ళీ ఎప్పుడూ ప్రసంగానికి పిలవలేదు. నా జీవితంలో అందుకున్న సన్మానం అదొక్కటే.

పెద్దమ్మ మాత్రం నెమ్మదిగా, "ఏలిముద్ర ఏస్త సారూ, ఎందుకెయ్య. గని తల్లిగారింట్ల ఏదిచ్చినా పీట మీద కూసోనే తీసుకుంటం. ఇయ్యాల పీట లేదు. రేపు తెచ్చుకుంట," అన్నది. చెయ్యి కడుక్కుని పోయింది. ఆనవాయితీని కాదనలేక ఆయన వేలిముద్రను రేపటికి వాయిదా వేశాడు.

మరునాడు కంపెనీ బస్సు వచ్చింది. పెద్దమ్మ చంకలో పీట పెట్టుకుని ఎక్కింది. ముందు సీట్లో ఉన్న ఆమె ఒళ్ళో ఒక పీట. ఆ వెనకామె ఒళ్ళో ఒకటి. పక్క ఊరిలో ఎక్కినవాళ్ళ చేతుల్లో ఆరు.

"గిదేందే? నా ఒక్కదానికే గద అన్నది," అని పెద్దమ్మ నివ్వెరపోయింది.

"తల్లిగారిల్లు నీ ఒక్కదానికేనా పెద్దమ్మా?" అన్నది వెనక నుంచి ఒకామె.

నలభై పీటలు షెడ్డులోకి పోయాయి. గేటు దగ్గర పహరా ఆయన సంచులు వెతికాడు గానీ పీటలను ఆపమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నలభై మందీ లైను వెంట పీటలు వేసుకుని కూర్చున్నారు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. పీట జానెడు ఎత్తు. బెల్టు నడుం దాకా ఎత్తు. కూర్చున్న వాళ్ళకు బెల్టు అడుగు భాగం, దాని నట్లు, గ్రీజు తప్ప ఏమీ కనబడదు. అంత దూరం బస్సులో మోసుకొచ్చిన వాళ్ళు లేవడానికి ఒప్పుకోలేదు. చేతులు పైకెత్తి తడుముతూ సర్దడం మొదలుపెట్టారు. చేతికి దొరికినవి పెట్టెల్లోకి, దొరకనివి తలల మీదికి. బూందీ ప్యాకెట్లు టపటపా పేలుతుంటే నవ్వులు. లైన్ సారు ఈల నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలేకపోయాడు, ఆయన కూడా నవ్వుతున్నాడు.

హైదరాబాదులో కూర్చుని కెమెరాలో చూసే పెద్ద సారు అప్పుడే ఫోను చేశాడు. మేనేజరు సారు కంగారులో స్పీకరు నొక్కినట్టున్నాడు, తలుపు దగ్గర పెట్టెలు ఎత్తుతున్న నాకంతా వినబడింది.

"లైను మీద ఒక్కరు కూడా లేరేమిటయ్యా? బెల్టు ఊరికే తిరుగుతోంది!"

"ఉన్నారు సార్."

"ఎక్కడ? నాకు చేతులు మాత్రమే కనబడుతున్నాయి!"

"కూర్చున్నారు సార్. కింద. పీటల మీద."

"పీటల మీదా? ఎందుకు?"

మేనేజరు సారు పీటల వరుస వైపు చూస్తూ, "పుట్టింటికి వచ్చారు సార్," అన్నాడు.

వారం తిరిగేసరికి ఎత్తు స్టూళ్ళు వచ్చాయి. నలభై కాదు, పన్నెండు. ప్రభువు శిష్యుల లెక్క. గంటకో వంతు చొప్పున మారి మారి కూర్చోవాలి. ఆ నెల ఆదివారాల పని మాత్రం తప్పలేదు, ఒక్క లారీ కూడా ఆగలేదు. ఎర్ర సముద్రం చీలినంత అద్భుతం జరిగిందని నేను చెప్పను. పన్నెండు స్టూళ్ళు వచ్చాయి, అంతే. ఆ కాగితం మీద వేలిముద్ర సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్దమ్మ దాన్ని ఇంటికి తెచ్చి పప్పు డబ్బా మూత కింద బిగింపుకు పెట్టుకుంది. తన వంతు వచ్చినప్పుడు స్టూలు ఎక్కేది, కాళ్ళు నేలకు అందక గాలిలో ఊగేవి. "కొంగలెక్క కూసోవెట్టిండ్రు," అని తిట్టేది. దిగమంటే దిగేది కాదు.

మరుసటి ఏడు వయసు మీరిందని ఆమె గేటు కార్డు తీసేసుకున్నారు. నేను కోపంతో ఊగిపోయాను, ప్రసంగం కూడా తయారు చేసుకున్నాను. "ఊకో. తల్లిగారింట్ల ఎన్నొద్దులుంటం? ఎప్పటికన్న పోవాలె గద," అన్నది. ఆ తర్వాత పక్కింటి వాళ్ళకు వడియాలు పెట్టి ఇస్తూ ఇల్లు నడిపింది. ఏ పనైనా కూర్చునే చేసేది.

ఆ శుక్రవారం మధ్యాహ్నమే శవాన్ని లేపే వేళ. ముత్తైదువగా పోయింది కాబట్టి తల్లిగారి చీర కప్పాలి, ఒడిలో బియ్యం పోయాలి. మా కులపెద్ద వాకిట్లో నిలబడి, "తల్లిగారి దిక్కు నుంచి ఎవలొచ్చిండ్రు?" అని అడిగాడు. ఆమె అన్నదమ్ములు ఎప్పుడో పోయారు. మా అమ్మా లేదు. అక్కచెల్లెలి కొడుకు పెట్టే చీర తల్లిగారి చీర కాదు. పెదనాయిన తల దించుకున్నాడు. కులపెద్ద ఇంకోసారి అడిగాడు. అంత మాటకారి మనిషి తల్లిగారి చీర లేకుండా పోతుందా అనుకున్నాను.

వాకిలి బయట కంపెనీ బస్సు ఆగింది. ఒక్క గంట పర్మిషను మీద లైను మొత్తం దిగింది. ముందున్న ఆమె చేతిలో కొత్త చీర. వెనక లైన్ సారు, మిక్చరు అట్టపెట్టె ఎత్తుకుని. అందులో బియ్యం.

"మేమొచ్చినం పెద్దయ్యా," అన్నది ఆమె. "కంపెనీ ఆమెకు తల్లిగారిల్లు. మేనేజరు సారే చెప్పిండు. అందరం విన్నం."

కులపెద్ద ఏదో అనబోయి నా వైపు చూశాడు. గ్రంథం నా చంకలోనే ఉంది, తెరవలేదు. తల ఊపాను. చీర కప్పారు. బియ్యం పోశారు. ఐదేళ్ళకు ఒకసారి పోయవలసినది, ఎన్నేళ్ళ ఆలస్యమో లెక్కపెట్టలేదు ఎవరూ.

తర్వాత ఆడవాళ్ళంతా వాకిట్లో ఆమె చుట్టూ నేల మీద కూర్చున్నారు. గంట అయిపోయింది. బస్సు హారను మోగింది. ఇంకోసారి మోగింది. వచ్చినవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. డ్రైవరు లైన్ సారును చూశాడు, ఈల ఊదమన్నట్టు. లైన్ సారు మెడలోంచి ఈల తీసి జేబులో వేసుకున్నాడు. వాళ్ళ మధ్య జాగ చూసుకుని, ఖాళీ అట్టపెట్టె పక్కన పెట్టుకుని, ఆయన కూడా కూర్చున్నాడు.